ముత్యమ్మ పాతిపెట్టిన పొర

ముత్యమ్మ మొండిది. ఆ మాట ముందే చెప్పుకుంటే మనకు సగం కథ సులువైతది. గడ్డపోతారం దిక్కు ఊర్ల నలభై ఏండ్లు మంత్రసాని పని చేసింది. అడ్డం తిరిగిన బిడ్డను సుత బుజ్జగించి బయటికి తెచ్చిన మనిషి. ఆమెను మాత్రం బుజ్జగించేటోడు ఇంతవరకు పుట్టలె. "షుగరుంది, కాళ్లకు చెప్పులేసుకో అవ్వా" అని కొడుకు జైపాల్ పదేండ్ల సంది నెత్తీ నోరు కొట్టుకున్నడు. వింటేనా! "బాలింతల ఇండ్లల్ల అడుగు పెట్టే కాళ్లురా ఇవి, చెప్పులేంది" అనేది. ఊర్ల కాన్పులు బందయ్యి, అందరు సంగారెడ్డి దవాఖానకే పోబట్టి పదిహేనేండ్లాయె. అయినా అదే మాట.

గట్లనే పోయిన శివరాత్రి ముంగట తుమ్మముల్లు దిగింది. ఎడమ అరికాలుల, బొటనేలు కింద. షుగరు కాళ్లకు నొప్పి ఏడ తెలుస్తది? మూడు దినాలు ముల్లును లోపట్నే పెట్టుకొని తిరిగింది. నాలుగో నాడు కోడలు ప్రేమలత బండల మీద మరకలు సూసి "అత్తమ్మా, రక్తం!" అని మొత్తుకుంటే, అప్పుడు కాలు లేపి సూసుకున్నది.

ఆ పుండు దసరా పండుగొచ్చినా మానలె. పసుపు పెట్టింది, వేపాకు నూరి కట్టింది, ఊరి ఆర్‌ఎంపీ దగ్గర దినం తప్పి దినం కట్టు కట్టించుకున్నది. పైకి మానినట్టే ఉండె, లోపట లోపట తొలుచుకుంట పోయె. ఆఖరికి సంగారెడ్డిల పుండ్లు సూసే డాక్టరమ్మ, రమ్యశ్రీ అని, చిన్న వయసే, ఎక్స్‌రే తీయించి నిజం చెప్పేసింది. "ఇంకా ఎముకకు తగల్లేదమ్మా. తగిలిందంటే మాత్రం పాదం ముందు సగం తీసెయ్యాల్సి వస్తుంది."

సావంటే భయం లేదు ముత్యమ్మకు. కాని సగం పాదంతోని గోడ పట్టుకొని తిరుగుడు, ఇంకొకల చేత నీళ్లు పోయించుకునుడు! ఎంతమంది బాలింతలకు నీళ్లు పోసిన చెయ్యి అది! ఇంటికొచ్చినంక వారం దినాలు బువ్వ సరిగ తినలె. జైపాల్‌ను సూసినప్పుడల్లా మొకం గోడ దిక్కు తిప్పుకునేది, కండ్ల నీళ్లు కనబడొద్దని.

ఇగ ప్రేమలత సంగతి. ఆమె పటాన్‌చెరు దిక్కు ఒక కంపెనీల పని చేస్తది. అక్కడ కంపెనీలంటే ముక్కులు పగిలే వాసన, రంగు రంగుల నీళ్లు. జైపాల్ చేసేది అసొంటి దాంట్లనే, బొల్లారంల. ప్రేమలత కంపెనీ వేరే. పొగ లేదు, వాసన లేదు. కండ్లు తప్ప ఇంకేం కనబడకుండ తెల్ల బట్టలు తొడుక్కొని లోపటికి పోవాలె. పుండ్ల మీద ఏసే పొరలు తయారు చేస్తరు. మూడేండ్ల కింద ఒక్క అర్రల మొదలైంది. ఇప్పుడు మూడు షిఫ్టులు, పనోల్లను తెచ్చేటందుకు రెండు బస్సులు. బొంబాయికి పోతయి, ఢిల్లీకి పోతయి, విమానమెక్కి ఇంకా ఏ దేశాలకో పోతయి. ఇంటికో షుగరు మనిషున్నంక కంపెనీ పెరగక ఏం చేస్తది? "మంది కాళ్లు పుచ్చితే మీకు పని పెరుగుతదా" అని ముత్యమ్మ ఎక్కిరించేది. "పుచ్చితే కాదత్తమ్మా, మానితే" అని ప్రేమలత నవ్వేది.

ఆ పొర మనసొంటోల్లు కొనేటిది కాదు. కాని పనోల్ల ఇంట్ల ఎవరికన్న అవసరం పడితే, డాక్టరు చీటి రాస్తే, కంపెనీ ఉత్తగనే ఇస్తది. రెండు పొరలు, రెండంటే రెండే. ప్రేమలత ఆ చీటి పట్టుకొని మేనేజరు చుట్టు తిరిగి తిరిగి సంతకం పెట్టించింది. అత్తకు అన్నీ చెప్పింది గని, ఒక్కటి చెప్పలె. ఆ పొర దేంతోని చేస్తరో చెప్పలె.

చెప్పకపోవుడుకు కారణముంది. ఉగాదప్పుడు ముత్యమ్మ బిడ్డ కూతురు రవళికి సంగారెడ్డిల పెద్దాపరేషన్ అయ్యి కొడుకు పుట్టిండు. ముత్యమ్మ కుంటుకుంట కుంటుకుంట దవాఖానకు పోయింది, చేతుల కుమ్మరోల్ల కాడ కొన్న కొత్త ముంత పట్టుకొని. ఎందుకంటే బిడ్డ వెనకాల వచ్చే మాయ ఉంటది సూడు, దాన్ని ముంతల పెట్టి, పసుపు, వేపాకు ఏసి, వాకిట్ల మోకాలు లోతు గుంత తీసి పాతాలె. దాని మీద బండ పెట్టి, ఆ బండ మీదనే బాలింతకు నీళ్లు పొయ్యాలె. మాయను కుక్క ముట్టినా, పరాయోల్ల చేతుల పడ్డా బిడ్డకు కీడు. ముత్యమ్మ చేతుల మీద పుట్టిన ఏ ఒక్క బిడ్డ మాయ కూడ అట్ల పోలె. కాని ఆ నాడు రవళి మంచం మీద పండుకొని, "దవాఖానోల్లే పద్ధతిగ పాతిపెట్టిన్రు అమ్మమ్మా" అన్నది. ముత్యమ్మ ఖాళీ ముంత ఇంటికి తెచ్చి సజ్జ మీద బోర్లించింది. ఆ మునిమనవని మాయను నా చేతుల్తోని సాగనంపకపోతినే అని ఆమెకు ఇప్పటికీ మనాదే.

ఇగ ఆ సోమవారం సంగారెడ్డిల డాక్టరమ్మ పుండును మంచిగ కడిగింది. ప్రేమలత తెచ్చిన కవరు ఇప్పి, చిమటతోని ఒక పొర తీసింది. ఎండిన ఉల్లిపొర తీరున్నది. పుండు మీద పరిచి, దాని మీద నాలుగు చుక్కలు నీళ్లు ఇడిసింది. పొర మెత్తబడింది. మెత్తబడుడుతోనే ముత్యమ్మ మంచం మీద లేచి కూసున్నది.

ఒక దిక్కు నున్నగ, ఒక దిక్కు జెర జిడ్డుగ, అవతలి దిక్కు కనబడేటంత పల్సగ! నలభై ఏండ్లు ఏలి సందుల పట్టి సూసిన పొరను ఆమె గుర్తు పట్టకుంటే ఎవరు గుర్తు పడ్తరు?

"డాక్టరమ్మా, ఇది మాయ పొర కదా?"

డాక్టరమ్మకు ఇది మురిపెమనిపించింది. "అబ్బ! ఎలా కనిపెట్టారమ్మా? అవును. ఆపరేషన్ కాన్పులప్పుడు తల్లులు ఇస్తారు. వాళ్ల రక్తం పరీక్ష చేసి, పొరను కడిగి, ఆరబెట్టి, క్రిముల్లేకుండా చేస్తారు. కడుపులో బిడ్డను కాచిన పొర కదా, పుండును కూడా అట్లాగే కాస్తుంది. మానిపించే గుణం దాంట్లోనే ఉంది. వారం రోజులు మాత్రం కట్టు విప్పొద్దు, తడపొద్దు."

ముత్యమ్మ కోడలు దిక్కు సూసింది. ప్రేమలత నేల దిక్కు సూసింది.

రెండు దినాలు కాలుగాలిన పిల్లి తీరు కొట్టుకున్నది ముత్యమ్మ. ఏ తల్లి కన్నదో, ఏ బిడ్డదో, ఆ బిడ్డను తొమ్మిది నెలలు కాచిన పొర నా చీము కాలు మీద ఉండె! వానికి జరమొస్తే? వాడు పాలు ముట్టకపోతే? ఏడ ఏ పసిగుడ్డు ఏడ్సినా ఆమెకు తన కాలే యాదికొచ్చె. ముద్ద దిగలె, కన్ను మూతపడలె.

మూడో నాడు పొద్దుగాల కొడుకు కోడలు డ్యూటీలకు పోయిన్రు. ముత్యమ్మ సజ్జ మీది ముంత దించింది. గోరువెచ్చని నీళ్లల్ల ఉప్పేసి కాలు పెట్టి, కట్టిప్పి, అంటుకున్నకాడ అంటుకున్నట్టు మెల్లగ, బిడ్డ బొడ్డు కోసినంత పైలంగ, ఆ పొరను తీసింది. ముంతల పెట్టి పసుపేసింది, వేపాకేసింది. వాకిలంతా సిమెంటు పోసి ఉండె. జామచెట్టు మొదట్ల మాత్రం ఇంత మన్ను మిగిలింది. అండ్ల గడ్డపారతోని మోకాలు లోతు తీసింది. పుండు కాలు మీద బరువేసి తవ్వుతుంటే రక్తం కారె, ఆమె సూసుకోలె. ముంత దించి మన్ను కప్పి, రెండు చేతులు జోడించింది.

"ఎవలి బిడ్డవో కొడుకా, నిండు నూరేండ్లు సల్లగుండు. నాకు తెల్వక జరిగింది. మీ అమ్మ కడుపు సల్లగుండ."

చేసినంక, కొండంత బరువు దించుకున్నట్టు, ఆ జామచెట్టు నీడకే కొంగు పరుసుకొని నిద్రపోయింది. మూడింటికి కంపెనీ బస్సు దిగి వచ్చిన ప్రేమలత గేటు కాడ్నే నిలవడిపోయింది. అత్త కాలుకు కట్టు లేదు. పుండు నిండ మన్ను.

"ఏంది అత్తమ్మా ఇది? పొరేది?"

"పాతిపెట్టిన."

ప్రేమలత ఎన్నడు అత్త ముంగట గొంతు లేపిన పిల్ల కాదు. ఆ నాడు వాడకట్టంతా ఇనబడేటట్టు మొత్తుకున్నది. "నీకేమన్న సోయుందా! దానికోసం ఎంతమంది కాళ్లు పట్టుకున్న నేను! సగం పాదం పోతదని డాక్టరమ్మ చెప్పంగ ఇన్లేదా? పసుపుకుంకుమ పెట్టి నీ కాలునే పాతిపెట్టుకున్నవ్ అత్తమ్మా, పొరను కాదు!" అని అరిసి, అక్కడ్నే కూలవడి, అత్త పాదం ఒళ్లె పెట్టుకొని వలవల ఏడ్సింది.

ముత్యమ్మ కోడలు తల మీద చెయ్యేసింది. "ఏడ్వకు పిల్లా. పరాయి బిడ్డకు కీడు తగిలించి నేను నడవాల్నా?"

"కీడేంది? ఆ తల్లులు ఇష్టంతోనే ఇస్తరు. సంతకం పెట్టి ఇస్తరు."

"నడుములు ఇరుగుతుంటే ఏ కాయితం మీదనన్న పెడ్తరే సంతకం. నాకు తెల్వదా?"

"నొప్పుల్ల అడగరు. వారం ముంగట, కూసోబెట్టి అడుగుతరు. వద్దంటే ఇడిసిపెడ్తరు." ప్రేమలత కండ్లు తుడుసుకున్నది. "మేం సుత ఉత్తగ చేస్తమనుకుంటున్నవా? షిఫ్టుల మాయలున్న మొదటి డబ్బా ఇప్పేటప్పుడు అందరం ఒక్క నిమిషం నిలవడతం. గ్లౌసులు తొడుక్కొని ఉంటం, మొక్కేటందుకు లేదు. తల వంచుతం. ఒడిశా నుంచొచ్చిన సూపర్‌వైజర్ మొదట్ల నవ్విండు. ఇప్పుడు మాకన్న ముందు ఆయనే వంచుతడు."

ముత్యమ్మ ఆ మాట మనసుల పెట్టుకున్నది. కాని ఒప్పుకోలె. మొండిదని ముందే చెప్పుకున్నం కదా.

తెల్లారి డాక్టరమ్మ పుండు సూసి, నోరు తెరిసి తిట్టలె గని, ఆమె మొకం సూస్తే తిట్టినా బాగుండు అనిపించింది. చీము మళ్ల పట్టింది. ఇంజక్షన్లు, దినాం కడుగుడు, మంచం దిగొద్దని ఆర్డరు. "మూడు వారాలు చూద్దాం. చీము తగ్గితే రెండో పొర వేస్తాను. తగ్గకపోయినా, ఆ పొర వెయ్యనివ్వకపోయినా ఇంక నా చేతుల్లో లేదమ్మా" అన్నది.

చీము తగ్గింది. తగ్గనిది ముత్యమ్మ పట్టుదల. "నాకా రెండో పొర వద్దు. పోతే సగం కాలే కదా" అని కూసున్నది. జైపాల్ బతిమిలాడిండు, కోపం చేసిండు, ఒకనాడు పీట మీద కూసొని చిన్న పిల్లగాని తీరు ఏడ్సిండు. "నిన్ను ఎత్తుకొని తిరుగుత అవ్వా, అది నాకు బరువు కాదు. నువ్వే తట్టుకోవు" అన్నడు. కొడుకు ఏడ్సుడు సూసి ఆమె పానం సివుక్కుమన్నది. అయినా మాట మార్చలె. ఎల్లుండి సోమవారం. ఆ నాడు పొర పడాలె, లేకుంటే కోతకు తారీకు రాయించుకోవాలె. ప్రేమలత ఏం తోచక రవళికి ఫోన్ చేసింది.

ఆదివారం పొద్దెక్కి, అంబటాల్లకు రవళి బిడ్డనెత్తుకొని బస్సు దిగింది. పిల్లగాడు ఏడు నెలలోడు. అమ్మమ్మ ఒళ్లె ఏసుడే ఆలస్యం, గాజులు గుంజుడు, కట్టు మీద తన్నుడు. ముత్యమ్మకు నెల దినాల తర్వాత నవ్వొచ్చింది. పాత అలవాటు ఊకుంటదా? వాని నెత్తి మీది మాడ పట్టి సూసింది, మెడ నిలుపు సూసింది, అరచేతులు ఇప్పి సూసింది, అరికాళ్లు గీకితే ఏళ్లు ముడుసుకుంటున్నయా అని సూసింది.

"బొండుమల్లె తీరున్నడే. జరమేమన్న వచ్చిందా ఇప్పటిదాంక?"

"ఒక్కనాడు రాలె అమ్మమ్మా."

"విరేచనాలు?"

"లేవు. రాత్రంత పండుకుంటడు సుత."

"మరి! మాయను పద్ధతిగ పాతితే గట్లనే ఉంటది."

రవళి అత్త ప్రేమలత దిక్కు ఒక్కసారి సూసింది. ముక్కు ఎగబీల్సుకున్నది. "పాతలేదు అమ్మమ్మా. అబద్ధం చెప్పిన. నేను ఇచ్చిన."

ముత్యమ్మ చెయ్యి బిడ్డ కడుపు మీదనే ఆగిపోయింది. ఆ పిల్ల చెంప మీద ఒక్కటి ఇద్దామన్నంత కోపమొచ్చింది. లేపుదామంటే చెయ్యి లేవలె. బొటనేలును పిల్లగాడు గట్టిగ పట్టుకొని ఉన్నడు, నోట్లె పెట్టుకుందామని గుంజుతున్నడు. ఏడు నెలల సంది వాని మాయ ఎక్కడుందో, ఎవని కాలు మీదుందో. వీడేమో ఇక్కడ బండ తీరు గట్టిగ, ఒంటి మీద ఒక్క మచ్చ లేకుండ.

"ఎందుకిచ్చినవే?" అన్నది. గొంతుల కోపం లేదు.

"అప్పటికే నీ కాలు గట్లుండె కదా. అత్తమ్మ చెప్పింది, గిట్ల పుండ్లకు పనికొస్తదని. నా బిడ్డది నీకే వస్తదనుకొని ఇయ్యలె అమ్మమ్మా. ఏడికి పోతదో ఎవ్వరికీ తెల్వదంట." రవళి కొంగుతోని కండ్లద్దుకున్నది. "నేను ఎవరికో ఇస్తే, ఇంకెవరో నీకిస్తరు కదా అనుకున్న. మంత్రసాని ముత్యమ్మకు లేదనేటోల్లు ఈ జిల్లాల ఎవరుంటరు?"

ముత్యమ్మ పిల్లగాని అరికాళ్లు రెండు తీసి తన కండ్లకద్దుకున్నది. ఒకసారి, రెండుసార్లు. జైపాల్ గడపల నిలవడి సూస్తున్నడు. వాని దిక్కు తిరగకుంటనే అన్నది, "రేపు జల్దీ లెవ్వురా. మొదటి ఆటోకు పోదాం."

ఈసారి పొర ఏసేటప్పుడు ఆమె కండ్లు మూసుకొని చేతులు జోడించింది. నీళ్ల చుక్కలు పడ్డయి, పొర మెత్తబడి పుండును అంటుకున్నది. "పైలంగున్నవా నాయినా" అని మెల్లగ అడిగింది. డాక్టరమ్మ తననే అనుకొని "బాగున్నానమ్మా" అన్నది. ముత్యమ్మ నవ్వింది.

మంచం మీదనే ఉన్నది. చక్కెర చాయ్ మానింది. కోడలు ముంగట పెట్టిన జొన్నరొట్టె మాట్లాడకుండ తిన్నది. వారానికింత పుండు అంచులు దగ్గరికి జరిగినయి. మొదట ఎర్రగ, తర్వాత గులాబీగ, పసిగుడ్డు పెదవి తీరు. మళ్ల శివరాత్రికి వారముందనంగ డాక్టరమ్మ ఆ తావుల బొటనేలుతోని ఒత్తి సూసి, "మూసుకుంది ముత్యమ్మా. నడవండి" అన్నది. ముత్యమ్మ గోడ పట్టకుండ, కొడుకు చెయ్యి పట్టకుండ, ఆ అర్రల ఇవతలి నుంచి అవతలికి, అవతలి నుంచి ఇవతలికి నడిసింది. జైపాల్ మెత్తటి చెప్పులు తెచ్చి కాళ్ల ముంగట పెట్టిండు. కిక్కురుమనకుండ తొడుక్కున్నది! ప్రేమలత నోరెళ్లబెట్టింది.

"ఏం సూస్తున్నవే? ఇది నా ఒక్కదాని కాలా ఇప్పుడు?" అన్నది ముత్యమ్మ. తర్వాత డాక్టరమ్మ చేతులు పట్టుకున్నది. "నీ రుణం ఎట్ల తీర్చుకుందు బిడ్డా."

"నాకెందుకమ్మా, ఇచ్చిన తల్లికి చెప్పండి."

"ఏ ఊరు? పేరేంది?"

"పేర్లుండవమ్మా, నంబర్లే. మాక్కూడా తెలియదు."

"బిడ్డ ఎంతటోడై ఉంటడు మరి?"

డాక్టరమ్మ ఏళ్లు మడిసి లెక్కేసింది. "పొర తయారై వచ్చేసరికి అయిదారు నెలలు, వేసి మూడు నెలలు. తొమ్మిది నెలలు ఉంటాయేమో."

తొమ్మిది నెలలకు సూది మందుంటదని ముత్యమ్మకు ఎవరూ చెప్పక్కర్లేదు.

బుధవారం నాడు సంగారెడ్డిల టీకాలేసేకాడ వరండా నిండ తల్లులు. ముత్యమ్మ మెట్ల కాడ మెత్తటి చెప్పులిడిసి, కొంగు సదురుకొని లోపటికి పోయింది. ఒక్కొక్కల ముంగట కూసొని, "ఎన్ని నెలలు బిడ్డా?" అని అడుగుడు, బిడ్డ అరికాళ్లు రెండు పట్టి కండ్లకద్దుకునుడు, "నిండు నూరేండ్లు సల్లగుండు" అనుడు. ఏడు నెలలన్నా అదే దీవెన, ఏడాదన్నా అదే దీవెన. ఇయ్యని తల్లి బిడ్డకు సుత అదే. ఏ బిడ్డదో ఒకల మాయ పొర ఆమె ఇంట్ల జామచెట్టు కింద ఉండె, ఇంకొకలది ఆమె నడకల ఉండె. ఎవరినని ఇడిసిపెడ్తది?

ఆఖరు బల్ల మీద ఒక పిల్ల తల్లి బిడ్డను దగ్గరికి గుంజుకున్నది. ముక్కు మొకం ఎరుగని ముసలామె వచ్చి బిడ్డ కాళ్లు పడితే ఎవరికైనా భయమే కదా.

"ఎవరవ్వా నువ్వు?"

"ఏమో బిడ్డా. మీకు సుట్టాన్నే అయ్యుంట" అన్నది ముత్యమ్మ.

ఆ పిల్ల ఆమె మొకం దిక్కు సూసింది. ఏమనుకున్నదో ఏమో, బిడ్డను తీసి ముత్యమ్మ ఒళ్లె పెట్టింది.